1:180 అంటే ఎంత? రిపోర్టులోని అంకెకీ ఆరో తరగతి భిన్నాలకీ ఉన్న చుట్టరికం

ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా చెల్లెలికి 28 ఏళ్ళు, మొదటి గర్భం, 13వ వారం. డబుల్ మార్కర్ టెస్టులో డౌన్ సిండ్రోమ్ రిస్క్ 1:180, 'హై రిస్క్' అని వచ్చింది. ఆ వయసుకి ఉండాల్సిన దానికంటే ఐదారు రెట్లు ఎక్కువట. ఇంట్లో ఏడుపులు. అందరం డిగ్రీలు చదివినవాళ్ళమే, ఒక్కరికీ ఆ అంకె అర్థం కాలేదు. అదే వారం ఆరో తరగతి చదివే మా బాబు 1/8 కంటే 1/4 చిన్నదని పరీక్షలో రాసొచ్చాడు. ఈ లెక్కలు మన బుర్రకి ఎందుకు ఎక్కవు?"

నేను మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ చెప్తాను. బయోస్టాటిస్టిక్స్ క్లాసు అనగానే వెనక బెంచీలు ముందు నిండిపోతాయి. కాబట్టి అంకెలు బుర్రకి ఎక్కని మనుషుల మధ్యే నా ఉద్యోగం. మీ రెండు సమస్యలకీ మూలం ఒకటే అంటాను. అయితే ముందు మీ చెల్లెలి సంగతి చూద్దాం, దానికి గడువుంది. డౌన్ సిండ్రోమ్ అంటే బిడ్డకు పుట్టుకతోనే ఉండే ఒక క్రోమోజోమ్ తేడా. డబుల్ మార్కర్ దాని అవకాశం ఎంతో అంచనా వేసే వడపోత రక్తపరీక్ష.

ఇదే రిపోర్టు వచ్చిన 180 మంది గర్భిణులను ఒక ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టారనుకోండి. వాళ్ళలో సుమారుగా ఒకరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉంటుంది, 179 మంది బిడ్డలకు ఉండదు. 1:180 చెప్పేది అంతే. ఆ ఒక్కరూ ఎవరో ఈ టెస్టుకి తెలియదు. తర్వాతి టెస్టు ఎవరికి అవసరమో వేరుచేయడానికే దీన్ని పెట్టారు. చాలా ల్యాబులు 1:250 దగ్గర గీత గీస్తాయి. 1:249 వస్తే ఎర్ర అక్షరాల్లో "హై", 1:251 వస్తే ఆకుపచ్చలో "లో". ఆ ఇద్దరు తల్లుల మధ్య నిజంగా ఉన్న తేడా దాదాపు శూన్యం. అయినా ఒకరింట్లో స్వీట్లు, ఇంకొకరింట్లో ఏడుపులు.

"ఐదారు రెట్లు" అన్నది కూడా అబద్ధం కాదు. 28 ఏళ్ళ వయసులో మామూలుగా ఉండే అవకాశం సుమారు 1000లో 1. 1:180ని వెయ్యికి మార్చితే 1000లో 5 లేదా 6. మరి వెయ్యిమందిలో ఒకరికి బదులు ఐదారుగురు అని చెబితే ఎవరైనా ఇంత గాభరా పడతారా? రెట్లు చెప్పినప్పుడు దేనికి రెట్లో చెప్పకపోతే వినేవాళ్ళకి మిగిలేది భయమే.

ఇప్పుడు చేయాల్సినవి. రిపోర్టు తీసి అందులో రాసిన వివరాలు చూడండి: వయసు, బరువు, ఎన్ని వారాలు, షుగర్ ఉందా, ఐవీఎఫ్ గర్భమా, కవలలా. రిస్క్ లెక్క వీటి మీదే నడుస్తుంది. బరువు తప్పు రాసినా, వారాలను స్కాన్‌తో కాకుండా నెలసరి తేదీతో గుర్తున్నంతలో వేసినా అంకె మారిపోతుంది. బిడ్డ మెడ వెనక నీటి మందం చూసే ఎన్‌టీ స్కాన్ కూడా కలిపి లెక్కేశారా, లేక రక్తపరీక్ష ఒక్కటేనా అని అడగండి. రెండూ కలిస్తేనే ఈ వడపోతకి బలం.

తర్వాత డాక్టరు ఎన్‌ఐపీటీ అనే రక్తపరీక్ష గురించి చెప్పవచ్చు. దాని కరపత్రం మీద "99 శాతం కచ్చితం" అని ఉంటుంది. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, ఈ ఒక్క లెక్క అర్థమైతే సగం టెన్షన్ తగ్గుతుంది. మీ చెల్లెలిలాగే 1:180 వచ్చిన 18,000 మందిని తీసుకుందాం. వాళ్ళలో 100 మంది బిడ్డలకు డౌన్ సిండ్రోమ్ ఉంటుంది. టెస్టు వందలో 99 మందిని పట్టుకుంటుందనీ, సమస్య లేనివాళ్ళలో వెయ్యికి ఒకరికి పొరపాటున పాజిటివ్ చూపిస్తుందనీ అనుకుందాం. అప్పుడు నిజమైన పాజిటివ్‌లు 99, మిగిలిన 17,900 మందిలో తప్పుడు పాజిటివ్‌లు 18. మొత్తం పాజిటివ్ వచ్చినవాళ్ళు 117 మంది, అందులో నిజమైనవి 99, అంటే నూటికి 85. నెగటివ్ వచ్చిన 17,883 మందిలో తప్పిపోయింది ఒక్కరు.

అదే టెస్టును 1000లో 1 రిస్క్ మాత్రమే ఉన్న మరో 18,000 మందికి చేయండి. వాళ్ళలో బిడ్డకు సమస్య ఉన్నవాళ్ళు 18 మందే, దాదాపు అందరూ దొరుకుతారు. తప్పుడు పాజిటివ్‌లు మాత్రం ఇంచుమించు 18 అలాగే ఉంటాయి. టెస్టు మారలేదు, "99 శాతం" మారలేదు. పాజిటివ్ వస్తే నిజమయ్యే అవకాశం మాత్రం 85 నుంచి సగానికి పడిపోయింది. ఎంతమందిలోంచి, ఎలాంటివాళ్ళలోంచి వచ్చిన పాజిటివ్ అన్నది తెలియకుండా ఆ 99కి అర్థం లేదు. అందుకే ఎన్‌ఐపీటీ పాజిటివ్ వచ్చినా దాన్ని బట్టే నిర్ణయం తీసుకోకూడదు, ఉమ్మనీరు తీసి చేసే ఆమ్నియోసెంటెసిస్‌తో నిర్ధారించుకోవాలి. అది 15 వారాలు దాటాక చేస్తారు. దానివల్ల గర్భం పోయే అవకాశం ఇప్పటి అంచనాల ప్రకారం వెయ్యికి 1 నుంచి 3. పాత పుస్తకాల్లో 200లో 1 అని ఉండేది, ఇంకా చాలామంది అదే చెప్తుంటారు. ఒకవేళ గర్భం తీయించుకోవాలనుకుంటే, 2021లో సవరించిన ఎంటీపీ (అబార్షన్) చట్టం ప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 మధ్య కొన్ని వర్గాలవారికే, ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో. 24 దాటితే మెడికల్ బోర్డు. కాబట్టి ఏడుపులకి వారాలు ఖర్చుచేయకుండా ఈ వారమే ఫీటల్ మెడిసిన్ డాక్టరునో జెనెటిక్ కౌన్సెలర్‌నో కలవండి. ఏం చేయాలన్నది మీ చెల్లెలి నిర్ణయం. అత్తగారింటి, పుట్టింటి పెద్దలు కలిసి వేసే ఓటు కాదు.

ఇక "ఎందుకు ఎక్కవు" అన్న ప్రశ్న.

మీ బాబు 1/8ని పెద్దదనుకోవడానికి కారణం 8 పెద్ద అంకె కావడమే. ఒకటో తరగతి నుంచి వాడు నేర్చుకున్న నియమం అదే, ఇన్నాళ్ళూ అది వాడిని మోసం చేయలేదు. భిన్నాల దగ్గర మొదటిసారి ఆ నియమం తిరగబడింది. పరిశోధకులు దీన్ని పూర్ణసంఖ్యల పక్షపాతం అంటారు. అమెరికాలో 1978లో జరిగిన జాతీయ పరీక్షలో 13 ఏళ్ళ పిల్లల్ని 12/13కి 7/8 కలిపితే సుమారుగా ఎంత అని అడిగారు. ఎంచుకోవడానికి ఇచ్చినవి 1, 2, 19, 21. రెండూ దాదాపు ఒకటే కాబట్టి 2 అని చెప్పినవాళ్ళు 24 శాతం. అంతకంటే ఎక్కువమంది 19 అన్నారు, 21 అన్నవాళ్ళూ ఎక్కువే. 12కి 7 కలిపితే 19, 13కి 8 కలిపితే 21. పిల్లలు భిన్నాన్ని చూడలేదు, గీతకి పైనా కిందా ఉన్న నాలుగు విడి అంకెల్ని చూశారు.

పెద్దయ్యాక ఈ జబ్బు పోతుందనుకోకండి, వేషం మారుస్తుంది. హారం వదిలేసి లవాన్ని మాత్రం చూస్తాం. 1997లో అచ్చయిన ఒక ప్రయోగంలో యూనివర్సిటీ విద్యార్థులకు క్యాన్సర్ వల్ల 10,000 మందిలో 1,286 మంది చనిపోతారని ఒకసారి, 100 మందిలో 24.14 మంది చనిపోతారని ఒకసారి చెప్పారు. వాళ్ళకి మొదటిదే ఎక్కువ ప్రమాదకరంగా అనిపించింది. నిజానికి అది 12.86 శాతం, రెండోదాంట్లో దాదాపు సగం. ఇంకో అధ్యయనంలో ఆడవాళ్ళకి రెండు రిస్కులు ఇచ్చి ఏది ఎక్కువ అని అడిగారు. "1000లో 2.6, 1000లో 8.9" అని ఇచ్చినప్పుడు 73 శాతం మంది సరిగ్గా చెప్పారు. అవే రిస్కులను "384లో 1, 112లో 1" అని ఇస్తే 56 శాతమే. ఆ లెక్కన మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు "1:180 అయింది కాబట్టి సరిపోయింది, 1:900 వచ్చి ఉంటేనో" అని ఉంటారు. లోపల ఉన్నది మీ బాబు రాసిన తప్పే.

డాక్టర్లు దీనికి అతీతులు కారు. జర్మనీకి చెందిన మనస్తత్వవేత్త గెర్డ్ గిగెరెంజర్ 160 మంది గైనకాలజిస్టులను మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) పాజిటివ్ వచ్చిన స్త్రీకి క్యాన్సర్ ఉండే అవకాశం ఎంతో చెప్పమన్నారు. అంకెలన్నీ శాతాల్లో చేతికిచ్చారు. సరైన జవాబు సుమారు 10లో 1. చెప్పగలిగింది 21 శాతం మంది. శాతాలు పక్కనపెట్టి "వెయ్యిమంది స్త్రీలలో ఇంతమంది" అని మార్చుకోవడం నేర్పాక అది 87 శాతానికి పెరిగింది. పైన నేను 18,000 మందితో చేసిన లెక్క ఆ పద్ధతే.

రెట్ల లెక్క ఎంత నష్టం చేయగలదో చెప్పే ఉదాహరణ బ్రిటన్‌ది. 1995 అక్టోబరులో అక్కడి మందుల భద్రతా సంఘం కొత్త తరం గర్భనిరోధక మాత్రలు వాడితే రక్తం గడ్డకట్టే ప్రమాదం రెండింతలు అవుతుందని హెచ్చరించింది. పత్రికలు మొదటి పేజీల్లో వేశాయి. చాలామంది భయపడి మాత్రలు మానేశారు. ఆ రెండింతలు వెనక ఉన్న అంకెలు: 7000 మందిలో 1 కాస్తా 7000లో 2 అవడం. మాత్రలు మానేయడంతో అనుకోని గర్భాలొచ్చి, మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 13,000 అబార్షన్లు అదనంగా జరిగాయని అంచనా. గర్భం దాల్చడం వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆ మాత్రల కంటే ఎక్కువ. ఆ సంగతి వార్తలో ఎక్కడుందో ఎవరూ వెతకలేదు.

మరి మనవాళ్ళకి భిన్నాలు పుట్టుకతోనే రావా అంటే ఒప్పుకోను. వడ్డీ సంగతి చూడండి. "రెండు రూపాయల వడ్డీ" అంటే నూటికి, నెలకు అని ఎవరూ విడమరచి చెప్పరు. బడి మొహం చూడని ముసలమ్మ కూడా 40 వేల అప్పుకి ఏడాదికి 9,600 అని నోటిలెక్కే చేసేస్తుంది. అదే మాట బ్యాంకువాళ్ళు 24 శాతం అని చెబితే పక్కవాళ్ళ మొహం చూస్తుంది. ఆమెకి తెలియనిది శాతం అనే రాత పద్ధతే. "నూటికి", "నెలకు" అన్న రెండు హారాలూ ఆమె మనసులో స్థిరంగా ఉన్నాయి. ఆరోగ్యం దగ్గరికొచ్చేసరికి ఆ రెండూ అడగడం మానేస్తాం.

రెండో హారాన్ని, అంటే కాలాన్ని, మరీ మర్చిపోతాం. స్కాట్లండ్‌లో కొలెస్ట్రాల్ ఎక్కువున్న, అంతకుముందు గుండెపోటు రాని మగవాళ్ళ మీద చేసిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 1995లో వచ్చాయి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర గుండెపోటు ముప్పును 31 శాతం తగ్గించిందని చెప్పుకుంటారు. నిజమే. సుమారు ఐదేళ్ళలో, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో నూటికి 7.9 మందికి గుండెపోటో, గుండెజబ్బుతో మరణమో సంభవిస్తే, మందు వేసుకున్నవాళ్ళలో నూటికి 5.5 మందికి. అంటే వందమంది ఐదేళ్ళు వేసుకుంటే ఇద్దరు ముగ్గురు తప్పించుకున్నారు. ఇది చదివి ఎవరూ స్టాటిన్ మానేయకండి. ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్ళకి మొదటి అంకే పెద్దది కాబట్టి లాభమూ పెద్దది. మీ డాక్టరుని "నాలాంటివాళ్ళు వందమందిలో, పదేళ్ళలో, మందు వేసుకుంటే ఎంతమందికి, వేసుకోకపోతే ఎంతమందికి" అని అడగండి. అడిగితే విసుక్కునేవాళ్ళు ఉంటారు, నాకూ తెలుసు. అయినా అడగండి.

రిస్కుల సంగతి సరే. భిన్నం సరిగ్గా చదవకపోతే అదే రోజు ప్రాణం మీదికి తెచ్చే చోటు మందు లేబుల్. పిల్లల పారాసెటమాల్‌లో సిరప్ మీద "5 మి.లీ.లో 250 మి.గ్రా." అని ఉంటుంది, డ్రాప్స్ మీద "1 మి.లీ.లో 100 మి.గ్రా." అని. ఏది ఘాటైనదని అడిగితే ఎక్కువమంది 250 అంటారు. డ్రాప్స్ పసిపిల్లలకి ఇచ్చేవి కాబట్టి పలచగా ఉంటాయని మనసులో ఒక ఊహ కూడా ఉంటుంది. హారం సమం చేసి చూడండి: డ్రాప్స్ 5 మి.లీ.లో 500 మి.గ్రా. సిరప్‌కి రెండింతలు. పది కిలోల బిడ్డకు కిలోకి 15 మి.గ్రా. చొప్పున 150 మి.గ్రా. కావాలంటే డ్రాప్స్ అయితే ఒకటిన్నర మి.లీ., 250 సిరప్ అయితే 3 మి.లీ., 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండే సిరప్ అయితే ఆరుంబావు. సిరప్ అయిపోయిందని డ్రాప్స్ సీసా తీసి అదే కొలమూతతో 5 మి.లీ. పోస్తే బిడ్డ కడుపులోకి 500 మి.గ్రా. వెళ్తుంది, కావాల్సినదానికి మూడింతల పైన.

ఇన్సులిన్ దగ్గర ఇంకా జాగ్రత్త. మన దేశంలో సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా యూ-40, అంటే 1 మి.లీ.లో 40 యూనిట్లు. పెన్నుల్లోది యూ-100. సిరంజిలు కూడా వేర్వేరు: ఎర్ర మూత యూ-40కి, నారింజ మూత యూ-100కి. 20 యూనిట్లు కావాల్సినాయన యూ-40 సీసాలోంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 8 యూనిట్లే. తిరగేసి, యూ-100 మందును ఎర్ర మూత సిరంజితో 20 దాకా లాగితే 50 యూనిట్లు. షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే తల్లిదండ్రులకి ఇది మరీ ముఖ్యం. అక్కడ మనుషులకి యూ-40 దొరకదు. ఇక్కడినుంచి తీసుకెళ్ళిన సీసా అయిపోయి అక్కడ కొత్త సీసా కొంటే, సిరంజిలు కూడా కొత్తవే కొనాలి. మిగిలిపోయిన ఎర్ర మూత సిరంజిలు పొదుపుగా వాడుకుందాం అనుకోకూడదు. బ్రిటన్ వెళ్ళేవాళ్ళకి వేరే చిక్కు: అక్కడ షుగర్‌ని మిల్లీమోల్స్‌లో చెప్తారు. 7 అంటే మన 126. "షుగర్ ఏడే ఉందట" అని ఫోన్లో విని కంగారుపడక్కర్లేదు, 18తో గుణించుకోండి.

దశాంశ చుక్క సంగతి ఒక్క మాటలో: థైరాయిడ్ మాత్రలో 12.5 మైక్రోగ్రాములదీ ఉంది, 125దీ ఉంది. చీటీ మీద చుక్క ఆనకపోతే పదింతలు తేడా. మాత్రల షీటు మీది అంకెని చీటీతో సరిచూసి, అనుమానముంటే మందుల షాపులో పైకి చదివించుకోండి.

ఇప్పుడు మీ బాబు. అమెరికా మనస్తత్వవేత్త రాబర్ట్ సీగ్లర్ బృందం 2012లో అమెరికా, బ్రిటన్ పిల్లల వివరాలు పరిశీలించి, పదేళ్ళ వయసులో భిన్నాలు, భాగహారం ఎంత వచ్చు అన్నదాన్నిబట్టి హైస్కూల్లో బీజగణితం ఎలా ఉంటుందో అంచనా వేయవచ్చని చూపించింది. తెలివితేటలు, ఇంటి ఆదాయం లెక్కలోకి తీసుకున్నాక కూడా. మన దగ్గర 2023లో అసర్ అనే విద్యా సర్వేలో 14–18 ఏళ్ళ గ్రామీణ పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగింది 43.3 శాతం. కాబట్టి ఆరో తరగతిలోనే ఈ తప్పు దొరకడం మంచిదే. వాడిని తిట్టకండి, ఇంపోజిషన్ రాయించకండి.

బడిలో భిన్నాలను సాధారణంగా రొట్టె ముక్కలతోనో రంగులేసిన గళ్ళతోనో చెప్తారు. మొదటి రోజుకి అది చాలు. అక్కడే ఆగిపోతే 5/4 దగ్గర పిల్లవాడు ఇరుక్కుంటాడు. నాలుగు ముక్కల్లో ఐదు ఎలా తీసుకుంటాం? భిన్నం కూడా 3, 7 లాంటి ఒక సంఖ్యే అని, దానికీ ఒక చోటు ఉందని తెలియాలంటే సంఖ్యారేఖ కావాలి. గోడ మీద రెండు మీటర్ల దారం కట్టండి. ఒక చివర 0, మధ్యలో 1, ఇంకో చివర 2. కాగితాల మీద 1/2, 1/4, 1/8, 3/4, 5/4, 7/8, 0.5, 0.125 రాసి బట్టల క్లిప్పులతో తగిలించమనండి. 1/8, 0.125 ఒకే చోట పడటం, పొడుగ్గా ఉన్న 0.125 కంటే 0.5 సున్నాకి ఎంతో దూరంగా ఉండటం వాడే చూస్తాడు. కొత్త భిన్నం ఇచ్చినప్పుడల్లా ముందు అడగాల్సింది "సగం కంటే ఎక్కువా తక్కువా", "ఒకటికి దగ్గరా దూరమా" అని. కూడమనే ముందు ఉజ్జాయింపు చెప్పించండి. 12/13, 7/8 రెండూ 1 క్లిప్పు పక్కనే ఉన్నాయని చూసిన పిల్లవాడు 19 అనడు. క.సా.గు. ఆ తర్వాత నేర్చుకోవచ్చు.

వాడికి డబ్బు లెక్కలు బాగా వచ్చు అనిపిస్తే అది చూసి మోసపోకండి, అలాగని దాన్ని వదులుకోనూ వద్దు. 1980ల్లో బ్రెజిల్‌లోని రెసిఫే వీధుల్లో కొబ్బరికాయలు, పళ్ళు అమ్మే పిల్లల్ని పరీక్షించారు. బేరంలో వాళ్ళ లెక్కలు 98 శాతం సరిపోయాయి. అవే లెక్కలు కాగితం మీద వట్టి అంకెలుగా ఇస్తే 37 శాతమే. ఒకే పిల్లలు, ఒకే లెక్కలు. ఈ రెంటి మధ్య దారి దానంతట అది పడదు, ఎవరో ఒకరు వేయాలి. రైతుబజార్లో పావుకిలో ధర చెప్పి ముప్పావుకిలో ఎంతో అడిగాక, ఇంటికి రాగానే అదే లెక్కను 3/4 వాడి రాయించండి. రాశాక ఆ 3/4ని దారం మీద తగిలించమనండి. ఈ మూడు పనులూ ఒకే రోజు, వరసగా జరగాలి. సెలవుల్లో ఇంట్లో ఉన్న సిరప్, డ్రాప్స్ సీసాలు లోపల పెట్టేసి, వాటి అట్టపెట్టెలు మాత్రం ఇచ్చి, ఏది ఎక్కువ ఘాటో వరసలో పెట్టమనండి. 5 మి.లీ.లో 120, 5 మి.లీ.లో 250, 1 మి.లీ.లో 100. వాడు పెట్టాక పెద్దవాళ్ళు కూడా విడిగా పెట్టి చూసుకోండి.